అట్లాంటిక్ దాటే ఓడలో గది తీసుకుంటున్నారా? నంబరు తెలియని గదికి డబ్బు కట్టకండి

2024 నవంబర్ 7న బార్సిలోనా నుంచి మయామి వెళుతున్న ఎక్స్‌ప్లోరర్ ఆఫ్ ది సీస్ ఓడ కెనరీ దీవుల్లోని టెనెరిఫే దగ్గర ఉన్నట్టుండి విరుచుకుపడ్డ ఈదురుగాలికి ఒక పక్కకు ఒరిగిపోయింది. బార్లలో సీసాలు, షాపుల్లో సరుకు నేలపాలయ్యాయి. గాయపడ్డ ఒకరిని ఒడ్డున ఆసుపత్రికి చేర్చడానికి ఓడను లాస్ పాల్మాస్‌కు మళ్లించాల్సి వచ్చింది. సరిగ్గా ఏడాది ముందు, 2023 నవంబర్‌లో, బిస్కే అఖాతంలో స్పిరిట్ ఆఫ్ డిస్కవరీ ఓడలో వందమంది దాకా దెబ్బలు తిన్నారు. రెండు ఓడలూ క్షేమంగానే రేవు చేరాయి. దెబ్బలు తగిలింది లోపల ఉన్న మనుషులకే.

ఇలాంటి వార్త రాగానే అందరూ అడిగేది ఏ ఓడ భద్రం అని. అడగాల్సిందే. కానీ హాయిగా వారం పదిహేను రోజులు నీళ్ల మీద గడుపుదామని వెళ్లి, మూడో రోజుకల్లా మంచం దిగలేక, తిండి సహించక, ఒడ్డు ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకునేవాళ్లను చూస్తే, చాలామంది మంచి ఓడే ఎక్కి ఉంటారు. ఆ ఓడలో తమ గది ఎక్కడో తెలుసుకోకుండా డబ్బు కట్టి ఉంటారు.

గది

బుకింగ్‌లో అన్నిటికంటే తక్కువ ధరకు కనిపించేది ‘గ్యారంటీ’ గది. ఆ మాట చూసి మోసపోకండి. కంపెనీ హామీ ఇచ్చేది గది రకానికి మాత్రమే: లోపలి గదా, కిటికీ గదా, బాల్కనీ గదా అన్నంతవరకే. అది ఓడలో ఏ మూల ఉంటుందో వాళ్ల ఇష్టం. నంబరు ఒక్కోసారి బయల్దేరడానికి కొద్ది రోజుల ముందు గానీ రాదు, వచ్చాక మీరు అడిగినా మార్చరు. మిగతావాళ్లంతా ఏరుకోగా మిగిలినవే వీళ్లకు దక్కుతాయి. అంటే ముందు కొసన ఉన్నవి, ఈతకొలను కింద ఉన్నవి, పక్క గదికి మధ్య తలుపు ఉన్నవి.

రోజుకో రేవులో ఆగే ప్రయాణమైతే గ్యారంటీ గది నిక్షేపంగా తీసుకోండి. రాత్రి పడుకోవడానికే కదా గదికి వచ్చేది. మహాసముద్రం దాటేటప్పుడు వరసగా ఐదు నుంచి ఎనిమిది రోజులు నేల కనిపించదు. గది బాగాలేదని దిగిపోవడానికి చోటుండదు.

ఎందుకింత పట్టుబట్టడమో ఒక్క లెక్క చూడండి. 300 మీటర్ల ఓడ అలల మీద ఏతంలాగా తూగుతుంది. ముందు కొస లేస్తే వెనక కొస దిగుతుంది, నడుమ భాగం మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. వంపు 2 డిగ్రీలే అనుకోండి, కంటికి ఆనేంత కూడా కాదు. నడుమ నుంచి 150 మీటర్ల దూరంలో, జాలరులు అణియం అంటారే ఆ కొసన, గది 5 మీటర్లు పైకి లేచి, మళ్లీ 5 మీటర్లు కిందికి పోతుంది. మూడంతస్తుల ఎత్తు లిఫ్టులో ఆగకుండా ఎక్కి దిగుతున్నట్టు, రాత్రంతా. అదే ఓడలో, అదే అలల మీద, నడుమకు 20 మీటర్ల దూరంలో ఉన్న గది కదిలేది 70 సెంటీమీటర్లు.

పక్కలకు ఊగడానికి ఎత్తుతో లెక్క. ఓడ 5 డిగ్రీలు ఒరిగితే, ఊగే కేంద్రానికి 40 మీటర్ల పైన ఉన్నవాళ్లు మూడున్నర మీటర్లు పక్కకు జరుగుతారు. 10 మీటర్ల పైన ఉన్నవాళ్లకు ఆ కదలిక మీటరు కూడా ఉండదు. పైకి పోయేకొద్దీ ధర పెరుగుతుంది, ఊపూ పెరుగుతుంది.

స్టెబిలైజర్లు ఉన్నాయి కదా అంటారు. అవి ఓడ పక్కల నుంచి నీళ్లలోకి చాచే రెక్కలు. పక్కలకు ఊగడాన్ని బాగా తగ్గిస్తాయి, అదీ ఓడ వేగంగా పోతున్నంతసేపే. ముందూవెనకల తూగును అవి ఏమీ చేయలేవు. కాబట్టి ముందు కొస గదికి స్టెబిలైజర్ విరుగుడు కాదు.

అలాగని అన్నిటికంటే కింది డెక్‌లో (ఓడ అంతస్తును డెక్ అంటారు) ముందుకు తీసుకుంటే ఇంకో బాధ. అణియం అల మీద పడినప్పుడల్లా ఉక్కు మీద సమ్మెటతో కొట్టినట్టు మోత. సముద్రం బాగా రేగితే కింది వరస గుండ్రటి కిటికీలకు సిబ్బంది ఇనుప మూతలు బిగించేస్తారు. కిటికీకి డబ్బు కట్టి చీకట్లో కూర్చోవాలి.

డెక్ ప్లాన్, అంటే ఓడలో ఒక్కో అంతస్తు పటం, ముందు పెట్టుకుని ఇలా వెతకండి. ముందు లిఫ్టులకూ వెనక లిఫ్టులకూ మధ్య భాగం గుర్తుపెట్టుకోండి. అందులో కింది నుంచి మూడో వంతు ఎత్తు దాటకుండా గదులు చూడండి. నచ్చిన గదికి సరిగ్గా పైన ఏముందో, కింద ఏముందో పక్క డెక్‌ల ప్లాన్‌లు తెరిచి చూడండి. పైనా కిందా గదులే ఉంటే మంచిది. పైన ఈతకొలను ఉంటే తెల్లారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు మొదలవుతుంది, కింద థియేటర్ ఉంటే అర్ధరాత్రి దాకా డ్రమ్ములు. ప్లాన్‌లో పేరు రాయకుండా ఖాళీగా వదిలేసిన చోట్లను నమ్మకండి, అవి సాధారణంగా వంటశాలలో, సామాను గదులో, సిబ్బంది తిరిగే దారులో అయి ఉంటాయి. పక్క గదికి తలుపు ఉన్నట్టు గుర్తుంటే వదిలేయండి, ఆ తలుపు సందులోంచి దగ్గు కూడా వినిపిస్తుంది.

ఈ ప్రయాణానికి నిజంగా కలిసొచ్చే గది ఒకటుంది. లైఫ్‌బోటు అడ్డంగా ఉందని తక్కువకు అమ్మేది. లైఫ్‌బోట్లు వేలాడేది ఓడ నడుమ భాగంలో, ఎత్తు తక్కువ ఉన్న డెక్‌ల దగ్గర. మనకు కావలసింది సరిగ్గా అదే చోటు. వెలుతురు వస్తుంది. అడ్డు వచ్చి పోయే దృశ్యం అంటారా, రోజుల తరబడి కనిపించేది నీళ్లే, ఆ నీళ్లు డెక్ మీదికి వెళితే ఎటు చూసినా ఉంటాయి. కొసన బాల్కనీ గది కంటే నడుమ కిటికీలేని గది కూడా మేలే. ఉత్తర అట్లాంటిక్‌లో చల్లగాలికి ఆ బాల్కనీ తలుపు తీసేది ఎన్నిసార్లు?

ఓడ

సముద్రం దాటడానికే కట్టిన ప్రయాణికుల ఓడ ఇప్పుడు నడుస్తున్నవాటిలో ఒక్కటే: క్వీన్ మేరీ 2. 2004 జనవరిలో తొలి ప్రయాణం చేసింది. పొడవు 345 మీటర్లు. నీళ్లలో 10 మీటర్ల పైచిలుకు లోతు దిగి ఉంటుంది. ఓయాసిస్ ఆఫ్ ది సీస్ పరిమాణంలో దానికి ఒకటిన్నర రెట్లు ఉన్నా నీళ్లలో దిగేది 9.3 మీటర్లే. తక్కువ లోతు రేవుల్లోకి కూడా పోగలిగేలా కట్టిన ఓడలవి. క్వీన్ మేరీ 2 గరిష్ఠ వేగం 30 నాట్ల (గంటకు దాదాపు 55 కిలోమీటర్ల) దాకా ఉంటే, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు 7 రాత్రుల్లో చేరడానికి సగటున 20 నాట్లు అటూఇటూగా చాలు. చేతిలో మిగిలిన ఆ వేగంతోనే తుఫానును చుట్టి పోవడానికీ, పోయిన గంటలు రాబట్టుకోవడానికీ వీలవుతుంది. ఇలా ఇంగ్లండ్, న్యూయార్క్‌ల మధ్య ఉత్తర దారిలో పోవాలంటే ముందు దీన్నే చూడండి.

మిగతావి వసంతంలో కరీబియన్ నుంచి యూరప్‌కూ, శరదృతువులో యూరప్ నుంచి కరీబియన్‌కూ స్థానం మారే ఓడలు. 12 నుంచి 16 రాత్రులు పడుతుంది, అజోర్స్, మదీరా, కెనరీ దీవుల్లాంటి చోట్ల ఒకటి రెండుసార్లు ఆగుతాయి. రాత్రికి పడే ఖర్చు బాగా తక్కువ. వీటిలో ఎంచుకునేటప్పుడు జారుడుబల్లలు, గోడలెక్కే ఆటలు చూసి మురిసిపోకండి. ఓడ 20 నాట్లతో పోతుంటే ఎదురుగాలి ఇంకో 20 నాట్లుంటే డెక్ మీద 40 నాట్ల గాలి తగులుతుంది. పై డెక్ మూసేస్తారు. అప్పుడు మీకు మిగిలేది లోపలి చోటే. పైకప్పు మూసుకునే ఈతకొలను, నిశ్శబ్దంగా కూర్చునే లైబ్రరీ, కిటికీల పక్కన సరిపడా కుర్చీలు, ఓడ చుట్టూ తిరిగి రాగలిగే నడక డెక్ ఉన్నాయా చూడండి.

ఓడ మరమ్మతుకు డ్రైడాక్‌లోకి ఎప్పుడు వెళుతుందో కూడా కనుక్కోండి. ఈ రుతువులు మారే వేళల్లోనే చాలా ఓడలు డాక్‌లోకి పోతాయి. దానికి ముందు ప్రయాణంలో తివాచీలు పీకడం, తర్వాతి ప్రయాణంలో మిగిలిపోయిన పని, రంగుల వాసన. విశ్రాంతి కోసం పోయేవాళ్లకు ఈ రెండూ పనికిరావు.

నెల, దిశ

ఉత్తర దారిలో నవంబర్ నుంచి మార్చి దాకా పోకండి. మే నుంచి జూలై దాకా అలలు తగ్గుతాయి గానీ న్యూఫౌండ్‌లాండ్ దగ్గర పొగమంచు ఎక్కువ. పొగమంచులో పోయేటప్పుడు రెండు నిమిషాలకు మించకుండా ఓడ హారన్ కొడుతూనే ఉండాలి, అది నియమం. ముందు భాగం గదుల్లో నిద్ర ఉండదు. మళ్లీ అదే ముందు భాగం, గమనించండి.

అట్లాంటిక్ హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. సెప్టెంబర్ దాని నడినెత్తి.

తూర్పుకు పోతే దాదాపు రోజుకో గంట చొప్పున గడియారం ముందుకు జరుగుతుంది. వారంలో ఐదు గంటల నిద్ర పోతుంది. పడమటికి పోతే 25 గంటల రోజులు. ఉత్తర దారిలో పడమటికి పోయేటప్పుడు గాలీ అలలూ ఎదురొస్తాయి, దక్షిణ దారిలో పడమటికి పోయేటప్పుడు వ్యాపార పవనాలు వెనక నుంచి తోస్తాయి. అందుకే విశ్రాంతే కావాలంటే కెనరీ దీవుల మీదుగా పడమటికి పోయే ప్రయాణం మేలు. అక్టోబర్, నవంబర్‌లలో దొరికేది అదే. మొదట చెప్పిన రెండు ప్రమాదాలూ నవంబర్‌లోవేనని మరిచిపోకుండా బయల్దేరండి.

ఇక ఇవి

– నంబరు తెలియని గదికి డబ్బు కట్టకండి. ఏజెంటు “మంచిదే వస్తుందండీ” అన్నా సరే.

– ఓడ బయల్దేరే రోజున విమానంలో దిగకండి. ఒక రోజు ముందే ఆ ఊళ్లో ఉండండి. వేరే ప్రయాణాల్లో ఓడ తప్పితే తర్వాతి రేవులో అందుకోవచ్చు. ఇక్కడ తర్వాతి రేవు అంటే దూరాన ఏ దీవో, లేదంటే అవతలి ఒడ్డే.

– చేరే రోజున కూడా తిరుగు విమానం పెట్టుకోకండి.

– వీసా ఎక్కే దేశానిది ఉంటే చాలదు. దిగే దేశానిది, మధ్యలో ఆగే దీవులవీ చూసుకోండి. కాగితం లేకపోతే రేవులోనే ఆపేస్తారు, డబ్బు వెనక్కి రాదు.

– రోజూ వేసుకునే మందులు ప్రయాణం రోజులకు రెట్టింపు పెట్టుకోండి. చేతి సంచిలో. పెద్ద పెట్టెలో కాదు.

– బీమాలో వైద్యం కోసం ఓడ నుంచి తరలించే ఖర్చు ఉండాలి. సముద్రం నడిమధ్యకు హెలికాప్టరు వచ్చే వీలుండదు. ఓడ దగ్గరి తీరం వైపు ఒకటి రెండు రోజులు పోయాకే అది సాధ్యం. గుండెజబ్బు, గర్భం, ఈమధ్యే జరిగిన ఆపరేషన్ ఉంటే డాక్టరు ఒప్పుకునేదాకా బుక్ చేయకండి.

– వాంతుల మాత్ర తల తిరిగాక వేసుకుంటే లాభం లేదు. ముందే వేసుకోవాలి. చెవి వెనక అంటించే స్కోపొలమైన్ పట్టీని కనీసం నాలుగు గంటల ముందు అంటించాలి, మూడు రోజులకు మార్చాలి. ముట్టుకున్న చేత్తో కళ్లు నులుముకోకండి. గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా దాని జోలికి పోకండి.

– భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడగండి. శానిటైజర్ రాసుకుంటే వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ పోదు.

– ఓడ ఊగుతున్నప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ కడ్డీ మీదే ఉండాలి. రెండు చేతుల్లోనూ కాఫీ కప్పులతో మెట్లు దిగకండి.

– తలుపు చట్రం మీద వేళ్లు పెట్టకండి. ఓడ ఒరిగితే ఆ బరువైన తలుపు దానంతటదే మూసుకుంటుంది, వేళ్లు నలిగిపోతాయి.

– ఎవరి గదుల్లోకి వాళ్లను వెళ్లమని కెప్టెన్ చెబితే వెళ్లండి. వీడియో తీయకండి. మంచం మీద పడుకోండి, కుర్చీలో కూర్చోకండి. నేలకు బిగించని కుర్చీ మనిషితో సహా జారిపోతుంది. గాజు సీసాలు ముందే నేల మీద, మూలకు పెట్టండి.

– నంబరు వచ్చింది కదా అని ఊరుకోకండి. బుకింగ్‌లో ‘అప్‌గ్రేడ్ వద్దు’ అని రాయించండి. లేకపోతే నడుమ ఉన్న కిటికీ గది నుంచి ముందు కొసన బాల్కనీ గదికి ‘ఉచితంగా’ మార్చేస్తారు, పైగా సంతోషించమంటారు. డబ్బు కట్టి పాడుకునే అప్‌గ్రేడ్ వేలం జోలికి అసలే పోకండి. వేలంలో గెలిస్తే మీ నంబరు పోతుంది, వచ్చేది ఎక్కడో చెప్పరు.

– చివరి వాయిదా గడువుకు ముందు రోజు కన్ఫర్మేషన్ కాగితం తెరవండి. క్యాబిన్ నంబరు ఉండాల్సిన చోట అంకెలకు బదులు ‘జీటీవై’ (GTY) అనే మూడక్షరాలు కనిపిస్తే అది గ్యారంటీ గది. ఏజెంటు ఫోన్లో ఏం చెప్పినా సరే. నంబరు వేయించుకుని, దాన్ని డెక్ ప్లాన్‌లో వేలు పెట్టి చూసుకున్నాకే కట్టండి.