రెండు స్వరాల మధ్య అంతరాన్ని చెవితో గుర్తించడం

స్వరాల మధ్య దూరాన్ని చెవి పట్టుకోవాలంటే ముందుగా దానికొక కొలత కావాలి. వీణ మీద స్థాయికి (ఒక ‘స’ నుంచి పై ‘స’ వరకు) 12 చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లు, అంటే తీగల కింద అడ్డంగా ఉండే పట్టీలు, ఉంటాయి కనుక మెట్టునే కొలతగా తీసుకోవచ్చు. షడ్జం (స) నుంచి శుద్ధ రిషభం (రి) 1 మెట్టు, చతుశ్శ్రుతి రిషభం 2, సాధారణ గాంధారం 3, అంతర గాంధారం 4, శుద్ధ మధ్యమం 5, ప్రతి మధ్యమం 6, పంచమం 7 మెట్ల దూరంలో ఉంటాయి. చతుశ్శ్రుతి రిషభమూ శుద్ధ గాంధారమూ ఒకే మెట్టు మీద పలుకుతాయి కాబట్టి స్వరం పేరును నమ్ముకోక మెట్లనే లెక్కించాలి.

తొలి పాఠాలైన సరళీ వరుసలు నేర్చినవారికి మాయామాళవగౌళ రాగంలో ఒక్కో స్వరం నుంచి తరువాతి స్వరానికి ఉన్న మెట్లు, అంటే 1, 3, 1, 2, 1, 3, 1 అన్న వరుస గొంతులో ఇప్పటికే ఉంటుంది. అదే శ్రుతిలో శంకరాభరణం ఆరోహణను 2, 2, 1, 2, 2, 2, 1గా పాడి చూస్తే, ఒక్క మెట్టు తేడా కూడా ఎంత స్పష్టంగా వినిపిస్తుందో తెలుస్తుంది.

చాలామంది తడబడేది తంబురా దగ్గరే. మొదటి తీగ మంద్ర (కింది స్థాయి) పంచమం, తరువాతివి షడ్జాలు కావడంతో, పంచమం పేరు విని ఆ దూరం 7 మెట్లనుకుంటారు. నిజానికి మంద్ర పంచమం నుంచి పైనున్న షడ్జానికి 5 మెట్లే, అంటే షడ్జం నుంచి శుద్ధ మధ్యమానికి ఉన్నంత దూరమే. పంచమాన్నే షడ్జంగా భావించి కూనిరాగం తీస్తే పై తీగ మధ్యమంగా వినిపిస్తుంది.

తెలియని జంటను గుర్తించడానికీ ఇదే మార్గం: కింది స్వరాన్ని షడ్జంగా నిలిపి, పై స్వరం ఏ పేరుకు సరిపోతుందో పాడి చూడాలి. 3, 4 మెట్ల మధ్య సందేహం వస్తే హిందోళ రాగంలోని గాంధారాన్నీ (3) మోహన రాగంలోని గాంధారాన్నీ (4) పక్కపక్కన పాడుకోవాలి. మోహనలోని అంతరాలు 2, 2, 3, 2, 3. దాని గాంధారాన్ని షడ్జంగా తీసుకుంటే 3, 2, 3, 2, 2 వచ్చి హిందోళం పలుకుతుంది. ఇలా షడ్జాన్ని మార్చి చూసే ఈ గ్రహభేదం, నా అభిప్రాయంలో, పట్టికలు వల్లె వేయడం కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది.

అయితే ఈ సాధనంతా గమకం (స్వరాన్ని ఊపి పలకడం) లేని స్వరాలతోనే సాగాలి. తోడిలో గాంధారం కంపితంతో ఊగుతుంది కనుక, అది ఏ మెట్టు మీద ఉందో కొత్త చెవికి అందదు. అటువంటి రాగాలను తరువాతికి వాయిదా వేయడమే మంచిది.