మామిడి తోటలో పండు ఈగను అదుపు చేయడం ఎలా?

నిగనిగలాడే బంగినపల్లి పండును కోసినప్పుడు లోపలి గుజ్జు నీరుకారి, అందులో తెల్లటి పిల్ల పురుగులు కదులుతూ కనిపిస్తే, ఆ నష్టం పండు మగ్గుతున్నప్పుడు కాక, కాయ ఇంకా చెట్టు మీద ఉండగానే మొదలైందని గ్రహించాలి. ఒక పురుగును కాగితం మీద వేసి చూడండి: అది ఒళ్లు విల్లులా వంచి, తలను తోకకు ఆనించి, ఒక్కసారిగా గాలిలోకి ఎగిరి దూరంగా పడుతుంది. ఇలా దూకడం పండు ఈగ పిల్ల పురుగును గుర్తుపట్టడానికి మంచి ఆనవాలు.

మన తోటల్లో ఎక్కువగా నష్టం చేసేది బ్యాక్ట్రోసెరా డార్సాలిస్ అనే జాతి. ఇది టెఫ్రిటిడే కుటుంబానికి చెందినది. ఈ కుటుంబంలో సుమారు 5,000 జాతులు ఉన్నాయి. వంటింట్లో మాగిన అరటిపండ్ల చుట్టూ ముసిరే చిన్న ఈగ డ్రోసోఫిలా వేరే కుటుంబానిది. 1910లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గాన్ తెల్ల కళ్ల ఈగను గమనించి జన్యుశాస్త్రాన్ని మలుపు తిప్పింది ఆ చిన్న ఈగతోనే. రెండింటినీ తెలుగులో పండు ఈగ అనే పిలవడం వల్ల రైతులు తికమకపడుతున్నారు. కుళ్లిన పండుకు వచ్చే ఈగ వేరు, బాగున్న కాయను కుళ్లబెట్టే ఈగ వేరు.

ఆడ ఈగ పక్వానికి వస్తున్న కాయ తొక్కను సూదిలాంటి అవయవంతో పొడిచి, తొక్క కింద గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో అవి పొదుగుతాయి. దాదాపు వారం పాటు గుజ్జు తిని పెరిగిన పురుగు, కాయ రాలాక బయటకు వచ్చి, నేలలో కొద్ది సెంటీమీటర్ల లోతుకు దిగి, గోధుమ రంగు గింజలాంటి గూడుగా మారుతుంది. సుమారు పది రోజుల తర్వాత కొత్త ఈగ పైకి వస్తుంది. కాబట్టి చెట్టు కింద వదిలేసిన ఒక్క రాలిన కాయ పదుల కొద్దీ ఈగలను తయారుచేస్తుంది. నా దృష్టిలో మందులన్నిటికంటే ముందు చేయవలసిన పని రాలిన కాయలను రోజూ ఏరడమే. ఏరిన వాటిని గట్టు మీద పారబోయకుండా రెండడుగుల లోతు గుంటలో పూడ్చాలి, లేదా మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి కొన్ని రోజులు ఎండలో ఉంచాలి. చెట్ల పాదుల్లో మట్టిని తిరగవేస్తే గూళ్లు బయటపడి ఎండకూ పక్షులకూ బలవుతాయి.

ఆ తర్వాత ఎర బుట్టలు. 1912లో బిహార్‌లోని పూసాలో పనిచేసిన కీటక శాస్త్రవేత్త హౌలెట్, సిట్రోనెల్లా నూనె వాసనకు మగ ఈగలు వస్తున్నాయని ప్రకటించారు. ఆ పరిశోధనల నుంచే మిథైల్ యూజినాల్ ఎర వెలుగులోకి వచ్చింది. మన పెరటి తులసిలోనూ ఉండే ఈ పదార్థాన్ని మగ ఈగలు ఆత్రంగా తింటాయి.

బుట్ట తయారీకి 5 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు, ఒక సెంటీమీటరుకు కాస్త మించిన మందం గల ప్లైవుడ్ ముక్కలు తీసుకోండి. ఇథనాల్ (ఆల్కహాల్) ఆరు పాళ్లు, మిథైల్ యూజినాల్ నాలుగు పాళ్లు, ఈగలను చంపే పురుగుమందు మలాథియాన్ ఒక పాలు కలిపిన ద్రావణంలో వాటిని రెండు మూడు రోజులు నానబెట్టాలి. చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. పిల్లలను దగ్గరకు రానీయవద్దు, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఖాళీ నీళ్ల సీసాకు పక్కలుగా నాలుగు రంధ్రాలు, వాన నీరు పోయేందుకు అడుగున చిన్న చిల్లులు పెట్టి, ముక్కను తీగతో మూతకు వేలాడదీయాలి. కోతకు కనీసం రెండు నెలల ముందే ఎకరానికి నాలుగు నుంచి ఆరు సీసాలను మనిషి ఎత్తులో కొమ్మల నీడన కట్టండి. వారానికోసారి ఈగలను లెక్కించి రాసుకుంటే ఉద్ధృతి ఎప్పుడు పెరుగుతోందో మీకే తెలుస్తుంది.

ఈ ఎరకు మగ ఈగలే వస్తాయి. మగవి బాగా తగ్గిపోతే ఆడ ఈగలకు జత దొరకదు, గుడ్లు పొదగవు. పసిఫిక్ మహాసముద్రంలోని రోటా ద్వీపంలో 1960లలో ఈ పద్ధతితోనే ఈ ఈగను పూర్తిగా నిర్మూలించారు. అది చుట్టూ నీళ్లున్న చోటు. మన తోటకు అలాంటి సరిహద్దు లేదు, పక్క తోటలో జతకట్టిన ఆడ ఈగ గట్టు దాటి వస్తుంది. అందుకే ఊళ్లోని మామిడి రైతులందరూ ఒకే వారంలో బుట్టలు కట్టుకునేలా మాట్లాడుకోవాలి. వీలున్నవారు కాయలు కోడిగుడ్డంత పరిమాణంలో ఉన్నప్పుడే కాగితపు కవర్లు తొడిగితే ఆడ ఈగకు తొక్క అందదు. ఖర్చూ కూలీ ఎక్కువే అయినా మేలైన ధర పలికే కాయలకు అది దండగ కాదు.

ఎగుమతి చేసేవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. సరకులో పండు ఈగలు, ఇతర పురుగులు బయటపడటంతో 2014 మే 1 నుంచి ఐరోపా సమాఖ్య భారత మామిడిని నిషేధించింది. మరుసటి ఏడాది గాని ఎత్తివేయలేదు. కోసిన కాయల్లో గుడ్లున్నాయన్న అనుమానముంటే 48 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో గంట సేపు ముంచి ఉంచవచ్చు. ఉష్ణమాపకం లేకుండా చేతి అంచనాతో ఈ పని చేయకండి, వేడి తగ్గితే పురుగు బతుకుతుంది, పెరిగితే తొక్క కమిలిపోతుంది. పక్వానికి రాని కాయలను ముంచవద్దు. తీసిన కాయలను నీడలో పూర్తిగా ఆరబెట్టిన తర్వాతే మగ్గవేయాలి.