గావెయిన్ కథ సిలబస్‌లో ఉందా? ఇలా చదవండి

మధ్యయుగపు ఇంగ్లిష్ సాహిత్యం అనగానే చాలామంది ఆర్థర్, లాన్సెలాట్, మెర్లిన్ అంటూ పేర్లు బట్టీ పట్టడం మొదలుపెడతారు. అది వద్దు. ముందు ఒక్క కథను నింపాదిగా చివరిదాకా చదవండి, పేర్లు వాటంతటవే గుర్తుంటాయి. నన్నడిగితే ఆ కథ ‘సర్ గావెయిన్ అండ్ ద గ్రీన్ నైట్’, ఆర్థర్ రాజు కొలువులోని గావెయిన్ అనే నైట్ (knight, వీరయోధుడు) గురించిన పద్యకథ. 14వ శతాబ్దం చివర్లో రాసింది, కవి ఎవరో తెలీదు, మిగిలింది ఒకే ఒక్క రాతప్రతి, మొత్తం 2,530 పంక్తులు.

మొదటిసారి ఆధునిక ఇంగ్లిష్ అనువాదంలోనే చదవండి, తప్పేం లేదు. నేరుగా మూలం పట్టుకుంటే పది పంక్తులకే టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే అదే కాలపు కవి చాసర్‌ది లండన్ ఇంగ్లిష్ అయితే ఈ కవిది వాయవ్య మిడ్‌లాండ్స్ మాండలికం. కథ తెలిశాక మూలంలో ఓ ఇరవై పంక్తులు తీసుకుని పైకి చదవండి. ట్రాయ్ ముట్టడి గురించి చెప్పే తొలి పంక్తిలోనే ‘సేజ్’, ‘అసౌట్’, ‘సేస్డ్’ అని స-కారం మళ్లీ మళ్లీ తగులుతుంది. పద్యం నడిచేది ఆ అనుప్రాస మీదే, అంత్యప్రాస ప్రతి చరణం చివర ఐదు పొట్టి పంక్తుల్లో మాత్రం వస్తుంది. ఎలా పలకాలో అనుమానం వస్తే రాసి ఉన్న అక్షరాలన్నీ పలికేయండి, ‘నైట్’ ముందున్న క కూడా అప్పట్లో వినబడేది.

రెండోసారి చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకుని ఒక్కటే వెతకండి: గావెయిన్ ఎవరికి ఏం మాటిచ్చాడు, ఆ మాటలు ఎక్కడ ఒకదానికొకటి అడ్డం పడ్డాయి? ఆర్థర్ కొలువుకొచ్చి సవాలు విసిరిన ఆకుపచ్చ నైట్‌ని గొడ్డలితో ఒక వేటు వేశాడు, ఏడాది ఒక రోజు తర్వాత బదులు గొడ్డలి వేటు తింటానని అతనికి ఒక మాట. ఏ రోజు దొరికింది ఆ సాయంత్రం మార్చుకుందామని, దారిలో ఆతిథ్యం ఇచ్చిన కోట యజమానితో ఇంకో మాట. యజమాని వేటకెళ్లి ఒకరోజు లేళ్లు, మర్నాడు అడవిపంది, మూడో రోజు నక్క తెస్తాడు. ఇక్కడ ఈయనగారు పక్క దిగకముందే యజమాని భార్య వచ్చి కూర్చుంటుంది, ఆమెను నొప్పించకూడదు, అలాగని యజమానికి ద్రోహమూ చేయకూడదు. ఆమె పెట్టిన ముద్దులు, ఒకటి, రెండు, మూడు, రోజువారీగా యజమానికి అప్పజెప్పేశాడు. మూడో రోజు బంగారు ఉంగరం ఇస్తే వద్దన్నవాడు, ప్రాణం కాపాడుతుందని చెప్పిన ఆకుపచ్చ నడికట్టును మాత్రం తీసుకుని దాచేశాడు. చివర్లో గొడ్డలి మూడుసార్లు లేస్తుంది, రెండు ఉత్తుత్తివి, మూడోది మెడ మీద గాటు. కోట యజమానే ఆ ఆకుపచ్చ నైట్ అని అప్పుడు తెలుస్తుంది. ఆ మూడు రోజుల్నీ ఈ మూడు వేట్లనీ పక్కపక్కనే రాసుకోండి, సగం వ్యాసం అక్కడే తయారవుతుంది.

మిగతా సగానికి ఒక పక్షం ఎంచుకోండి. గావెయిన్ సిగ్గుతో చచ్చిపోతూ తిరిగొస్తే ఆర్థర్ కొలువు నవ్వేసి, అందరూ ఆకుపచ్చ పట్టీలు కట్టుకుంటారు. ఆ నవ్వు క్షమించడమా, అర్థం కాకపోవడమా? ‘శౌర్యధర్మం చాలా ముఖ్యం’ లాంటి వాక్యాలు రాస్తే మార్కులు రావు, ఏదో ఒకటి తేల్చి చెప్పి పద్యంలోంచే చూపించండి.

చరిత్ర ఇంత చాలు: జెఫ్రీ ఆఫ్ మన్మత్ 1136 ప్రాంతంలో లాటిన్‌లో ఆర్థర్ కథ రాశాడు, అదే శతాబ్దంలో ఫ్రెంచి కవి క్రెతియాఁ ద త్రువా లాన్సెలాట్ అనే నైట్‌ను ఆర్థర్ రాణికి ప్రేమికుణ్ని చేశాడు, ఇంగ్లిష్ రచయిత మాలరీ 1470 ప్రాంతంలో ఇంగ్లిష్ వచనంలో రాసినదాన్ని కాక్స్‌టన్ 1485లో అచ్చేశాడు. మాలరీ మొత్తం చదివే టైమ్ ఉండదు, చివరి భాగాలు చాలు. రాణిని కాపాడబోయి లాన్సెలాట్ తెలియకుండా గారెత్‌ను చంపేస్తాడు, తమ్ముడి కోసం గావెయిన్ పగబడతాడు. ఈ పగబట్టిన గావెయినూ నడికట్టు గావెయినూ పేరుకే ఒకరు, పరీక్షలో కలిపేయకండి.

చాసర్ రాసిన ‘సర్ థోపాస్’ ఆఖరికి ఉంచుకోండి. రొమాన్సులకు, అంటే ఇలాంటి నైట్‌ల సాహస కథలకు, పేరడీ కాబట్టి అసలువి ఒకటి రెండు చదివాకే నవ్వొస్తుంది. ‘కాంటర్‌బరీ టేల్స్’లో యాత్రికులు దారిలో కథలు చెప్పుకుంటారు, ఆ కథ చెప్పేది చాసరే, వాళ్లతో వచ్చిన సత్రం యజమాని మధ్యలో ఆపేసి నీ ప్రాసలు పెంటకు కూడా సరిపోవంటాడు.