మందపాటి గాజు ఫ్యూజింగ్: అంచులు చెడకుండా ముందే చూసుకోవాల్సినవి

3 మి.మీ. గాజు పలకలు రెండు పేర్చి, కిల్న్‌లో (కొలిమిలో) ఫుల్ ఫ్యూజ్ చేస్తే, అంటే కరిగి ఒకే ముక్కయ్యేలా వేడిచేస్తే, అంచులు చక్కగా గుండ్రబడతాయి. మూడో పలక చేరితేనే చిక్కు. 800 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో మెత్తబడ్డ గాజు సుమారు 6 మి.మీ. మందానికి సర్దుకోవాలని చూస్తుంది. అంతకన్నా ఎక్కువున్నది పక్కలకు పాకుతుంది. కాబట్టి చుట్టూ అడ్డుగోడలు పెట్టాల్సిందే.

గోడలకు కిల్న్ షెల్ఫ్ (కొలిమిలో గాజును ఉంచే పలక) ముక్కలైనా, వేడిని తట్టుకునే వర్మిక్యులైట్ బోర్డైనా పనికొస్తాయి. స్టీలుతో మాత్రం జాగ్రత్త. చల్లారేటప్పుడు అది గాజు కన్నా ఎక్కువ ముడుచుకుని పలకను నొక్కేస్తుంది. ఏ గోడైనా సరే, లోపలివైపు 3 మి.మీ. మందం ఫైబర్ పేపర్ (వేడిని తట్టుకునే పీచు కాగితం) నిలబెట్టండి. గాజు అంటుకోకుండా పూసే కిల్న్ వాష్ పూత ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. గాజు తోపుకు గోడలు జరగకుండా వెనక బరువైన ఇటుకలు ఆనించండి.

అంచు బాగా రావడం, రాకపోవడం ఎక్కువగా ఆ పేపర్ ఎత్తు మీదే ఉంటుంది. గాజు కన్నా పేపర్ ఎత్తుగా ఉంటే, కుంగుతున్న గాజు దాని గరుకు ముఖాన్ని అక్కడక్కడా పట్టుకుని ఆగిపోతుంది. మిగతాది కిందికి జారుతుంది. పట్టుకున్న చోటల్లా సూదిమొనలు మిగులుతాయి. అందుకే పేపర్‌ను చివరి మందం కన్నా 3 మి.మీ. తక్కువగా కోయాలి. అప్పుడు పై అంచుకు పట్టు దొరకదు, దానంతటదే గుండ్రబడుతుంది.

చివరి మందం అంటే పేర్చిన ఎత్తు కాదు, చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. నాలుగు పలకలు పేరిస్తే 12 మి.మీ. కానీ అవి గోడల మధ్య చోటులో నాలుగింట మూడు వంతులే నింపితే, కరిగాక మిగిలేది 9. మీరు 12 అనుకుని పేపర్‌ను 9కి కోసి ఉంటే గాజు సరిగ్గా దాని పైఅంచు దగ్గరే ఆగుతుంది. ఇక మొనలు తప్పవు. ఈ లెక్కలో పేపర్ 6 ఉండాలి. షెల్ఫ్ మట్టం కూడా చూడండి, ఒరిగి ఉంటే ఒకవైపు మందం పెరిగి లెక్కంతా పాడవుతుంది.

వేడి నిదానంగా పెంచండి. అంచులు ముందు వేడెక్కుతాయి, నడిమి భాగం వెనకబడుతుంది. తొందరపడితే పలక పగులుతుంది. చల్లార్చడంలో (అనీలింగ్, అంటే గాజులో ఒత్తిడి మిగలకుండా నిదానంగా చల్లార్చడం) ఇంకా ఓపిక కావాలి. బుల్స్‌ఐ కంపెనీ ఫ్యూజింగ్ గాజు 12 మి.మీ. మందానికి 482 డిగ్రీల వద్ద 2 గంటలు నిలిపి, 427 దాకా గంటకు 55 డిగ్రీల చొప్పున దించాలి. 19 మి.మీ.కి 3 గంటలు, గంటకు 25 డిగ్రీలు. గోడలు కూడా వేడిని పట్టి ఉంచుతాయి కాబట్టి నేనైతే ఒక మెట్టు పైమందం షెడ్యూలే ఎంచుకుంటాను.

బయటికి తీసేటప్పుడు గ్లౌజులు తప్పనిసరి, ఆ మొనలు బ్లేడులా కోస్తాయి. కాలిన ఫైబర్ పేపర్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్క్ వేసుకుని తడిపి తీయండి. మొనలుంటే డైమండ్ ప్యాడ్‌తో నీళ్లలో అరగదీసి, మరకలేవీ లేకుండా కడిగి, ఆ తర్వాతే ఫైర్ పాలిష్‌కి (పైముఖం మెరిసేలా మళ్లీ కిల్న్‌లో వేడిచేయడానికి) పెట్టండి. అప్పుడూ మళ్లీ పూర్తి అనీలింగ్ చేయాలి.