బాణసంచా ఫొటోలు – 3వ పాఠం: తెల్లగా మాడిపోయిన తారాజువ్వలు

ఈ వారం నెల్లూరు రంగనాయకుల గుడి గోపురాన్ని, పెన్న నీళ్లను ఫ్రేములో ఎక్కడ పెట్టాలో చెప్పుకోవాల్సింది. అది వచ్చే పాఠానికి జరిపేశాను. రెండో పాఠం చదివి మీరు తీసిన ఫొటోల్లో చాలావాటికి ఒకటే జబ్బు: రంగుల పువ్వు ఉండాల్సిన చోట తెల్లటి పీచు. దానికి మీరు చేసిన వైద్యమూ ఒకటే. షట్టర్ సమయాన్ని 4 సెకన్ల నుంచి అర సెకనుకు దించేశారు. తెలుపు తగ్గలేదు సరికదా, రేకులు కూడా మొండిగా తెగిపోయాయి.

పగటి ఫొటోలో సమయం తగ్గిస్తే వెలుతురు తగ్గుతుంది. ఇక్కడ తగ్గదు. మండే రవ్వ ఒక్కచోట నిలవదు. సెన్సార్ (కెమెరాలో కాంతిని పట్టే పలక) మీద ఒక చుక్కను తాకి, వెంటనే పక్క చుక్కకు పోతుంది. షట్టర్ 2 సెకన్లు తెరిచినా 8 సెకన్లు తెరిచినా ఆ చుక్కకు అందే కాంతి అంతే. గీత ఎంత వెలగాలో తేల్చేవి అపెర్చర్ (లెన్సు లోపలి కన్నం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది), ఐఎస్ఓ (కాంతికి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె). ఎంత పొడవు సాగాలో, ఫ్రేములో ఎన్ని పువ్వులు పడాలో తేల్చేది సమయం. కాబట్టి గీత తెల్లబడితే ఎఫ్ 8 నుంచి 11కి, అప్పటికీ తగ్గకపోతే 16కి పొండి. ఐఎస్ఓ 100 దగ్గరే ఉంచండి, ఆటోలో వదలొద్దు.

ఆకాశం ఎర్రమట్టి రంగుకు తిరిగితే అది వేరే లెక్క. పొగా, వీధిదీపాల వెలుగూ దాదాపు ఒకేచోట ఉంటాయి గనక సెకను సెకనుకీ పేరుకుంటాయి. దానికి మాత్రం సమయమే తగ్గించాలి.

చిచ్చుబుడ్డి కూడా రెండో రకమే. దాని రవ్వలు ఒకే దారిలో మళ్లీ మళ్లీ ఎగుస్తాయి, మొదలు దగ్గర తెల్ల ముద్ద కడుతుంది. ఎఫ్ 16 పెట్టి, సెకను లోపే మూసేయండి.

రంగును బట్టి కూడా ఎఫ్ అంకె మారుతుంది. అల్యూమినియం, మెగ్నీషియం, టైటానియం కలిసిన వెండి రవ్వలు అన్నిటికంటే తీక్షణం. స్ట్రాన్షియం ఎరుపు, బేరియం ఆకుపచ్చ మధ్యరకం. రాగి ఇచ్చే నీలం నీరసం. ఎరుపులకు ఎఫ్ 11 సరిపోయిన చోట వెండివి మొదలవగానే 16కి మూయండి. బంగారు తీగల్లా మెల్లగా జారే బొగ్గు రవ్వలకు ఎఫ్ 8, 6 సెకన్లు ఇవ్వండి.

ఇక ఫోకస్. ‘దూరం కదా’ అని రింగును చివరిదాకా తిప్పేసి వదిలేస్తున్నారు. అనంతం గుర్తు (∞) సాధారణంగా ఆ చివర ఉండదు. చాలా లెన్సుల్లో రింగు అనంతం దాటి ఇంకా కొంచెం తిరుగుతుంది. వేడికి లెన్సు భాగాలు వ్యాకోచిస్తాయి, ఆటోఫోకస్‌కు అటూఇటూ వెతుక్కునే చోటు కావాలి, అందుకే ఆ వెసులుబాటు. చివరికంటా తిప్పితే ప్రతి గీతా ఉబ్బుతుంది. కెమెరాతోపాటు వచ్చే 18–55 మి.మీ. కిట్ లెన్సులో 18 దగ్గర ఎఫ్ 11లో ఈ తప్పు చాలావరకు దాగుతుంది. 55కి లాగగానే బయటపడుతుంది. అందుకే ‘నిన్న బాగానే వచ్చింది, ఈరోజు మసకేసింది’ అంటున్నారు.

చేయాల్సింది ఇది: ముందు జూమ్ ఖాయం చేసుకోండి. లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) ఏటి అవతలి గట్టు మీది దీపాన్ని 10 రెట్లు పెద్దది చేసి చూడండి. రింగును మెల్లగా తిప్పితే దీపం చిన్నదవుతూ వచ్చి, మళ్లీ ఉబ్బడం మొదలెడుతుంది. ఉబ్బే ముందు చోటికి వెనక్కి రండి. లెన్సు మీటను ఎంఎఫ్‌కు (చేత్తో ఫోకస్ చేసే పద్ధతికి) మార్చి, రింగు మీద టేపు ముక్క అంటించండి. జూమ్ కదిపితే మళ్లీ మొదటినుంచీ. కొన్ని కొత్త లెన్సుల్లో కెమెరా నిద్రపోయి లేస్తే ఫోకస్ చెదురుతుంది, టేపు దాన్ని ఆపలేదు. ఆటో పవర్ ఆఫ్ తీసేయండి.

లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ కూడా ఆపేయండి. లేకపోతే 4 సెకన్ల ఫొటో తర్వాత కెమెరా ఇంకో 4 సెకన్లు మొరాయిస్తుంది, ఆలోగా రెండు జువ్వలు పోతాయి. రిమోట్ లేకపోయినా నష్టం లేదు. బల్బ్ మోడ్‌లో (బటన్ నొక్కినంతసేపూ షట్టర్ తెరిచి ఉంటుంది) నల్ల అట్ట వాడటమే నాకిష్టం: వేలితో బటన్ నొక్కిపట్టి, అట్టను లెన్సుకు తగలకుండా అడ్డంపెట్టి, పువ్వు విచ్చినప్పుడల్లా తీస్తే ఒకే ఫ్రేములో నాలుగైదు పడతాయి. ట్రైపాడ్ మాత్రం గట్టిగా ఉండాలి.

దీపావళి నాటికి మనవైపు గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. అది వీపుకు తగిలేలా నిలబడితే పొగ అవతలికి పోతుంది. గాలి ఆడకపోతే మొదటి పది నిమిషాలే మీవి. మైపాడు సముద్రతీరం ఇసుకలో అయితే లెన్సును తరచూ తుడవండి, ఉప్పు తేమ పట్టేస్తుంది.

అభ్యాసానికి టపాసులు అక్కర్లేదు. నెల్లూరైనా కావలైనా ఒంగోలైనా, 16వ నంబరు జాతీయ రహదారి కనిపించే మేడ ఎక్కండి. రోడ్డు అంచుకు పోవద్దు. ఐఎస్ఓ 100, 8 సెకన్లు, ఎఫ్ 5.6, 8, 11, 16లలో ఒక్కో ఫొటో. తర్వాత ఎఫ్ 11 మీదే 2, 4, 8, 16 సెకన్లు. మొత్తం 8 ఫొటోలు పక్కపక్కన పెట్టి లారీ లైట్ల గీతలను, కదలని వీధిదీపాలను విడివిడిగా పోల్చండి. ఏది దేనికి మారిందో ఒక్కో ఫొటో కింద ఒక్కో వాక్యం రాయండి. 8 వాక్యాలు రాసినవాళ్లే నాలుగో పాఠం తెరవండి.