చిన్న వ్యాపారానికి పార్ట్‌టైమ్ సీఎఫ్‌ఓని ఎలా పెట్టుకోవాలి?

మాది ఒంగోలులో రొయ్యల మేత, మందుల వ్యాపారం. కొత్తపట్నం, సింగరాయకొండ వైపు రైతులకి సరుకిస్తాం. ఏటా బ్యాలెన్స్ షీటులో లాభం కనిపించేది. మేత కంపెనీకి డబ్బు కట్టాల్సిన రోజు దగ్గర పడితే మాత్రం చేబదులు కోసం ఫోన్లు చేస్తూ కూర్చునేవాణ్ణి. మా ఆడిటర్ గారిని అడిగితే "లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి గదా" అనేవారు. నిజమే, ఆయన చూసేది అయిపోయిన ఏడాదిని. నాకు కావాల్సింది రాబోయే మూడు నెలల్ని చూసే మనిషి.

పెద్ద కంపెనీల్లో ఆ పని సీఎఫ్‌ఓ, అంటే చీఫ్ ఫైనాన్షియల్ ఆఫీసర్ చేస్తాడు. అలాంటివాళ్లని నెల జీతానికి పెట్టుకోవడం మనవల్ల కాదు. కానీ నెలకి రెండు మూడు రోజులు వచ్చి చూసేలా మాట్లాడుకోవచ్చు. ఎలాగో నేను చేసిన వరసలోనే చెబుతాను, నా పొరపాటుతో సహా.

ముందు, అసలు అవసరముందా?

కాగితం మీద ఒక చిన్న లెక్క వేయండి. నెలకి కోటి రూపాయల సరుకు అప్పుకిస్తున్నారనుకుందాం. రైతు పట్టుబడి అయ్యాకే, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మాకే ఇస్తాడు. అంటే నాలుగు నెలలు. ఏ రోజు చూసినా బయట 4 కోట్లు ఉంటాయి. కంపెనీ మీకిచ్చే గడువు నెలే అయితే అందులో సుమారు కోటి వాళ్లది, మిగిలిన 3 కోట్లు మీ నెత్తిన. రూపాయి వడ్డీ లెక్కన నెలకి 3 లక్షలు. సరుకు మీద మీకు మిగిలేది దీనికంటే ఎంత ఎక్కువ? ఈ ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పలేకపోతే మీకు మనిషి కావాలి.

కిరాణా కొట్టో, రోజువారీ నగదు మీద నడిచే వ్యాపారమో అయితే అక్కర్లేదు. మంచి అకౌంటెంటు చాలు. ఆ ఫీజు దండగ.

మనిషి వచ్చేలోపు చేయాల్సినవి

ఇంటి ఖర్చు, కొట్టు ఖర్చు విడదీయండి. నెలకి ఇంత అని ఇంటికి తీసుకుని, పాప ఫీజైనా పెళ్లి చదివింపులైనా అందులోంచే ఇవ్వాలి. నాకైతే అన్నిటికంటే కష్టమైంది ఇదే. మా ఆవిడ మూడు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత లెక్క తనే రాయడం మొదలుపెట్టింది, ఇప్పుడు నేనే అడిగి తీసుకుంటున్నాను.

ట్యాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్) ఎంట్రీలు ఈ వారం వరకూ ఉండేలా చూడండి. రెండు నెలల బిల్లులు సంచిలో పెట్టి ఎంత తెలివైనవాణ్ణి పిలిచినా, అతను చేసేది గుమాస్తా పనే.

ఎవరిని, ఎక్కడ?

సీఏలు, కాస్ట్ అకౌంటెంట్లు, ఫ్యాక్టరీల్లో ఫైనాన్స్ మేనేజరుగా చేసి రిటైరైనవాళ్లు ఈ పని చేయగలరు. ముందు మీ ఆడిటర్‌నే అడగండి, తెలిసినవాళ్లని చెబుతారు. ఊళ్లోనే దొరకాలని లేదు. విజయవాడ మనిషైతే పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి ఒంగోలులోనో నెల్లూరులోనో దిగి, సాయంత్రం అదే బండికి వెళ్లిపోవచ్చు.

అయితే ఆడిటర్‌నే ఈ పనికి పెట్టుకోకండి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే సంస్థ ఆడిటర్ దాని మేనేజ్‌మెంట్ పనులు చేయడానికి 2013 కంపెనీల చట్టం ఒప్పుకోదు. సొంత పేరు మీద నడిచే వ్యాపారమైనా, తను వేసిన లెక్కని తనే తప్పు పట్టడం ఎవరికైనా కష్టమే. బావమరిదిని అసలు వద్దు. కాదని చెప్పాల్సిన చోట చెప్పలేడు.

ఇక నా పొరపాటు. మొదట పెట్టుకున్నాయన హైదరాబాదు నుంచి ఆన్‌లైన్‌లో చూసేవాడు. రంగురంగుల గ్రాఫులతో పద్నాలుగు పేజీల రిపోర్టు పంపాడు. అందులో ముఖ్యమైన సలహా: "బాకీలు 60 రోజుల్లో వసూలు చేయండి." అరవయ్యో రోజుకి రొయ్య ఇంకా చెరువులోనే ఉంటుంది, రైతు ఎక్కణ్ణుంచి తెస్తాడు? రెండు నెలల ఫీజు పోయింది. మన వ్యాపారం తెలియకపోయినా పర్లేదు, తెలుసుకోవడానికి చెరువు గట్టు దాకా రాని మనిషి మాత్రం వద్దు.

ఇంటర్వ్యూ బదులు చిన్న పరీక్ష

రెండోసారి ఒక పని చేశాను. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, బాకీల పట్టీ రైతుల పేర్లు కొట్టేసి ఇచ్చాను. "నాకు ఏ నెలలో డబ్బు చాలదో చెప్పండి" అన్నాను. దానికి ఒక రోజు ఫీజు ఇచ్చాను, ఉచితంగా చేయించుకోకూడదు.

వచ్చినాయన పట్టీ చూసి నన్ను వదిలేసి మా అకౌంటెంటు కుర్రాణ్ణి పిలిచాడు. "బిల్లు తేదీ తర్వాత చెబుదువు గాని బాబూ, ఈ చెరువులో రొయ్య పిల్ల ఎప్పుడేశారు?" అని అడిగాడు. మావాడికి సగం చెరువులవి నోటికే వచ్చు. ఆ సాయంత్రానికల్లా పట్టీలో బిల్లు తేదీ పక్కన ఇంకో గడి వచ్చింది, అందులో పిల్ల వేసిన తేదీ. దాన్నిబట్టి పట్టుబడి ఎప్పుడో, డబ్బు ఏ వారం వస్తుందో తెలిసిపోయింది. పన్నెండేళ్లుగా వ్యాపారం చేస్తున్నాను, ఆ గడి గీయాలని నాకు తోచలేదు. ఆయన్నే పెట్టుకున్నాను.

కాగితం మీద పెట్టాల్సినవి

నెలకి ఎన్ని రోజులు, ఏ తేదీకి ఏ కాగితం ఇవ్వాలి, ఫీజు ఎంత, మానుకోవాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, మన లెక్కలు బయట చెప్పకూడదని. రెండు పేజీలు చాలు. మొదట మూడు నెలలకే రాసుకోండి.

బ్యాంకులో చూసే హక్కు మాత్రమే ఇవ్వండి. చెక్కు మీద సంతకం, ఓటీపీ మీ దగ్గరే ఉండాలి. మంచివాడైతే తనే ఆ మాట అంటాడు.

"లోన్ ఇప్పిస్తే ఇంత శాతం" అనే షరతు ఒప్పుకోవద్దు. అప్పు పెరిగితే కమీషన్ వచ్చే మనిషి అప్పు వద్దని ఎప్పుడూ చెప్పడు.

ఫీజు మీద 18 శాతం జీఎస్టీ వేయవచ్చు. రొయ్యల మేతకి జీఎస్టీ లేదు కాబట్టి మేత ఒక్కటే అమ్మేవాళ్లకి ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి రాదు, ఖర్చు కిందే రాసుకోవాలి. టీడీఎస్ (ఫీజులోంచి ముందే పట్టుకునే పన్ను) సంగతి మీ ఆడిటర్‌తో మాట్లాడుకోండి.

మొదటి మూడు నెలలు

అన్నీ ఒకేసారి చేయించకండి. మొదటి పని, వచ్చే 13 వారాల నగదు పట్టీ. ఏ వారం ఎంత వస్తుంది, ఎంత పోతుంది, చివర్లో ఎంత ఉంటుంది. ప్రతి సోమవారం ఒక వారం కొట్టేసి ఇంకో వారం కలపాలి. రొయ్యకి తెల్లమచ్చ రోగం వచ్చి రైతు ముందే పట్టేస్తే ఆ వరస మారుతుంది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేర్చినప్పుడు మా రైతుల్లో కొందరు కొత్త పిల్ల వేయడం ఆపారు. ఈ పట్టీ ఉండబట్టి కంపెనీ నుంచి తెప్పించే సరుకు ముందే తగ్గించుకున్నాం.

రెండో పని బ్యాంకు. సీసీ లిమిట్ (బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు హద్దు) ఎంతున్నా మనం వాడుకోగలిగేది స్టాక్ స్టేట్‌మెంటుని, అంటే బ్యాంకుకి ఇచ్చే సరుకు, బాకీల లెక్కని బట్టే. 90 రోజులు దాటిన బాకీలని చాలా బ్యాంకులు లెక్కలోంచి తీసేస్తాయి. మన పంటేమో నాలుగు నెలలది. అంటే మంచి బాకీ కూడా సరిగ్గా వసూలయ్యే ముందు లెక్కలోంచి పడిపోతుంది. మాకు రెన్యువల్ అప్పుడు ఆయన పిల్ల వేసిన తేదీల పట్టీతో మేనేజర్ ముందు కూర్చుని గడువు 120 రోజులు చేయించాడు. నేనైతే లిమిట్ పెంచమని అడిగి వచ్చేవాణ్ణి.

మూడోది, ఎవరికి అప్పు ఆపాలో రాసిన జాబితా. ఇది మీకు నచ్చదు. మా జాబితాలో మొదటి పేరు నా చిన్ననాటి స్నేహితుడిది. ఆయన ఆ పేరు చదివి, పెన్ను నా ముందు పెట్టి, టీ తాగడానికి బయటికి వెళ్లాడు.

నాలుగో నెలలో కొనసాగించాలా వద్దా అన్నది అకౌంటెంటుని చూసి తేల్చుకోండి. 13 వారాల పట్టీ మావాడే వేయగలుగుతున్నాడు కాబట్టి ఆయన్ని నెలకి మూడు రోజుల నుంచి ఒక రోజుకి తగ్గించుకున్నాం. ఆ సలహా కూడా ఆయనదే.