షాట్ పక్కకి పోతోందా? ముందు పట్టు చూసుకోండి

10 మీటర్ల ఎయిర్ పిస్టల్ షూటింగ్‌లో టార్గెట్ మీద పది పాయింట్ల వృత్తం అడ్డంగా 11.5 మిల్లీమీటర్లే. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు చిటికెన వేలు కాస్త బిగిసినా చాలు, ముందు సైట్ (గురి చూడ్డానికి గొట్టం కొసన ఉండే చిన్న మొన) కిందికి వాలిపోతుంది. అందుకే గురి కంటే ముందు పట్టు చూసుకోమంటాను.

పిడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులో లోతుగా కూర్చోబెట్టండి. నడిమి వేలు, ఉంగరపు వేలు దాన్ని సూటిగా వెనక్కి లాగాలి. బొటనవేలు ఊరికే ఆనుకుని ఉంటే చాలు. చేయి వణకనంత బిగువు ఉండాలి, షాట్ అయ్యేదాకా ఆ బిగువు మారకూడదు. అసలు కష్టమంతా ఇక్కడే.

రేంజ్‌లో, పెల్లెట్ (చిన్న గుండు) వేయకుండా, టార్గెట్ వైపు చేయి చాచి కళ్లు మూసుకోండి. రెండు శ్వాసల తర్వాత తెరవండి. ముందు సైట్, పిస్టల్ వెనక ఉండే సైట్ గాడికి మధ్యలో కనిపించకపోతే మణికట్టు తిప్పి సర్దకండి. పిస్టల్ దించేసి, మళ్లీ మొదటినుంచి పట్టుకోండి.